నీళ్లు కదిపిందెవరు?

సూర్యుడి మొదటి వెలుగు పాప్లర్ చెట్ల కొసలను అందుకున్న క్షణంలోనే హత్య జరిగిపోయింది.

పోయింది మనిషి కాదు, ప్రతిబింబం. అవతలి ఒడ్డున పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో భగ్గుమంటున్న చెట్ల వరుస. దాని కింద నీళ్లలో, తలకిందులుగా, అచ్చం అలాంటిదే ఇంకో వరుస. ఇవతలి ఒడ్డున ఎత్తయిన చెక్క వేదిక. దాని మీద కాలు మోపే చోటు లేకుండా కెమెరాల ట్రైపాడ్‌లు. అక్కడ ఆకురాలు కాలమైన ఏప్రిల్ చలికి ముక్కులు కారుతున్నా తుడుచుకునే ధైర్యం ఎవరికీ లేదు. వేళ్లన్నీ బటన్ల మీద ఉన్నాయి. ఇంకొక్క రెప్పపాటు...

బుడుంగ్!

నీళ్ల మీద ఒక వలయం పుట్టింది. దాని చుట్టూ ఇంకొకటి. దాని చుట్టూ మరొకటి. బంగారు చెట్లు వంకర్లు పోయి, ముక్కలై, చివరికి గిలక్కొట్టిన కోడిగుడ్డు సొనలా మిగిలాయి.

వేదిక మీద ఒక పెద్దమనిషి మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఒకావిడ ఉన్ని టోపీ తీసి గుండెకు ఆనించుకుంది. దేశమంతా గోడలకు తగిలించుకునే క్యాలెండర్‌కి అట్టమీద బొమ్మ ఎంపిక చేయడానికి ఆక్లండ్ నుంచి వచ్చిన డెస్మండ్ పైక్, కెమెరాకు మూత పెట్టి, ఎవరినీ ఉద్దేశించకుండా, "మళ్లీనా" అన్నాడు. ఈ వారంలో ఒక్క ఉదయం కూడా ఇది తప్పలేదు మరి!

తర్వాత తలలన్నీ ఒకే వైపు తిరిగాయి. అవతలి ఒడ్డు నుంచి నీళ్లలోకి చొచ్చుకొచ్చిన పాత జెట్టీ వైపు. దానికి కట్టేసిన ఆకుపచ్చ పడవ వైపు. దాని వెనక ఉన్న రేకుల ఇంటి వైపు.

ఆ ఇంటి వంటగది కిటికీలో ఏవిస్ టులక్ టీ కప్పుతో నిలబడి ఉంది. డెబ్బై దాటిన ఆమె జీవితంలో ఇన్ని కెమెరాలు ఒక్కసారిగా తనవైపు తిరగడం ఇదే మొదలు. కానీ ఆ చూపులు ఫోటో తీసేవాళ్ల చూపుల్లా లేవు. గురి చూసేవాళ్ల చూపుల్లా ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట ముందుగానే చెప్పుకుందాం. రంగులు తిరిగిన చెట్లను కదలని నీళ్లలో ఫోటో తీసేవాళ్లను మించిన లోకోపకారులు భూమ్మీద లేరు. ఇదంతా విన్నాక వాళ్లంటే ఎవరికైనా చులకన కలిగితే, ఆ తప్పు వినేవాళ్లదే!

వాళ్లు రాకముందు ఆర్డ్‌బెన్ ఏపాటి ఊరు? దక్షిణ దీవిలో, కొండల మధ్య, గొర్రెలు ఎక్కువా మనుషులు తక్కువా ఉన్న చోటు. ఊరి పక్కన ఇన్ని నీళ్లు. ఆ నీళ్లను అందరూ చెరువనేవాళ్లు. కుక్కలు అందులో దూకేవి. పిల్లలు చదునైన రాళ్లు ఏరి, నీటి మీద గంతులు వేస్తూ పోయేలా విసిరేవాళ్లు. పెట్రోలు బంకు నడిపే హేమి ఊరి ఫైర్ బ్రిగేడ్‌కి కూడా పెద్ద. శనివారం వస్తే పంపు పెట్టి, చెరువు నీళ్లను చెరువులోకే చిమ్మి పరీక్ష చేసేవాడు. మే నెలలో బాతుల వేట మొదలైన రోజున సగం ఊరు తుపాకులతో రెల్లుపొదల్లో నక్కి ఉండేది.

ఇంతమంది ఇన్నేళ్లుగా ఆ నీళ్లను వాడుకున్నారే గాని, చెట్లు పాపం ఏటా తలకిందులుగా నిలబడి ఎదురుచూస్తున్న సంగతి ఒక్కరైనా గమనించారా? ఎంత వృథా!

ఒక ఏడు ఎవరో బాటసారి కారు ఆపి, ఫోన్‌తో ఫోటో తీశాడు. ఆ ఫోటో లోకం చుట్టింది. మరుసటి ఏడు లోకం వచ్చి ఆర్డ్‌బెన్‌ని చుట్టింది. ఆ దెబ్బతో చెరువు కాస్తా సరస్సు అయింది. మోటెల్ యజమాని ఫెర్గస్ గార్వీ అధ్యక్షుడిగా నిశ్చలతా సంఘం పుట్టింది.

ఆ సంఘం చేసిన మేలు ఇంతా అంతా కాదు.

తెల్లవారుజామున ఊళ్లో కుక్కలు మొరగడం మానేశాయి. మొరిగిన కుక్క ఇంటికి సంఘం నుంచి ఒక అందమైన కార్డు వచ్చేది. మీ కుక్కంటే మాకూ ప్రేమే, అని దాని మీద ఉండేది. రెండో కార్డులో ప్రేమ కాస్త తగ్గేది. చర్చి గంట మోగితే నీళ్లు వణుకుతాయని ఎవరో అన్నారు. అప్పటినుంచి ఆదివారం ప్రార్థనకు పిలుపు ఫోన్‌లో మెసేజ్‌గా వస్తోంది. దేవుడికి కూడా ఇంకాసేపు పడుకునే వీలు చిక్కింది. ఉదయం పూట ఒడ్డున ఎవరూ మాట్లాడకూడదన్నారు. ఆ ఒక్క నియమం వల్ల ఆర్డ్‌బెన్‌లో ఎన్ని కాపురాలు నిలబడ్డాయో లెక్కలేదు!

పొగ సంగతి చూడండి. మొదట వచ్చినవాళ్లు పొగ కనిపిస్తే బొమ్మ పాడవుతుందన్నారు. ఊరంతా పొయ్యిలు ఆర్పుకుని వణికింది. తర్వాత వచ్చినవాళ్లు నీళ్ల మీద కాస్త మంచు తెర ఉంటే ఎంత బాగుండును అన్నారు. ఊరంతా తడి కట్టెలు వెలిగించి దగ్గింది. దగ్గినవాళ్లు కూడా నీళ్లకు వీపు తిప్పి దగ్గారు. ఇంత క్రమశిక్షణ ఏ సైన్యంలో ఉంది?

రాలిన ఆకులు తేలుతుంటే చిందరవందరగా ఉందన్నారు. వలలు వేసి తీశారు. మరీ బోసిగా ఉందన్నారు. మంచివి ఏరి మళ్లీ వేశారు. ఏవిస్ ఆరేసిన దుప్పట్లు నీళ్లలో కనిపిస్తున్నాయన్నారు. ఆమె ఇంట్లో ఆరేసుకుంది. ఒకాయన మాత్రం ఆ తెల్లటి దుప్పటి ఏదండీ, దాని కోసమే ఇంత దూరం వచ్చాను అని అడిగాడు. తడి ఆరిన దుప్పటిని మళ్లీ తడిపి బయట వేసింది.

ఊరి గ్రంథాలయానికి బహుమతిగా ఒక పెద్ద ఫోటో వచ్చింది. దానికి ఫ్రేము కట్టి, తలకిందులుగా వేలాడదీశారు. దాదాపు ఏడాది పాటు ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టింది ఏవిస్. అందులో తన పడవ బోర్లాపడి ఉండటం చూసి ఆమెకు గుండె ఆగినంత పనైంది.

ఆ పడవ దగ్గరికే వద్దాం.

ఏవిస్‌కి ఉన్న ఒకే ఒక్క వ్యసనం పొద్దున్నే నీళ్లు దాటి వెళ్లి నెట్టీ గార్వీతో టీ తాగడం. నెట్టీ తొంభైకి దగ్గరపడిన మనిషి, ఫెర్గస్ తల్లి. ఆమె వంటింటి గుమ్మం దిగితే నీళ్లే. చీకటి విడుతుండగా ఏవిస్ తెడ్లు వేసుకుంటూ వచ్చి, గుమ్మానికి పడవ కట్టేసేది. ఇద్దరూ టీ తాగుతూ ఊళ్లోవాళ్లందరినీ పేరుపేరునా తలుచుకునేవాళ్లు. ఒక్కరి గురించి కూడా మంచి మాట వచ్చేది కాదు. అలా ఏళ్లు గడిచాయి.

రంగుల కాలంలో ఉదయం పూట పడవ కదలకూడదని సంఘం తీర్మానించింది. ఏవిస్ కాదనలేదు. కంకర రోడ్డు మీద కారులో చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టింది. దారి నిండా పొలం గేట్లు. ప్రతి గేటు దగ్గరా దిగాలి, తీయాలి, కారు దాటించాలి, దిగాలి, మూయాలి. ఈలోగా గొర్రెల మంద ఎదురొస్తే అవి ఆలోచించుకునేదాకా ఆగాలి. ఆమె చేరేసరికి నెట్టీ టీ అయిపోయేది. కుర్చీలో నెట్టీ నిద్రపోతూ ఉండేది. ఏవిస్ కాసేపు ఎదురుగా కూర్చుని, చల్లారిన కెటిల్‌ని చూసి, మళ్లీ గేట్లు తీసుకుంటూ ఇంటికి వచ్చేది.

రంగుల కాలం అయిపోతే చాలు, మళ్లీ పడవ వేసుకోవచ్చని రోజులు నెట్టుకొస్తోంది. సరిగ్గా అప్పుడు ఈ వలయాలు మొదలయ్యాయి.

దర్యాప్తు లోటు లేకుండా జరిగింది. మొదట బేకరీవాళ్ల కుక్కను అనుమానించారు. నేరం జరిగిన వేళ అది మంచం కింద ఉన్నట్టు సాక్ష్యం దొరికింది. తర్వాత భూకంపమేమో అన్నారు. భూమి కదలికలు కొలిచేవాళ్లకు ఫోన్ చేస్తే, ఆ ఉదయం దేశం మొత్తం మీద కదలనిది ఒక్క ఆర్డ్‌బెనేనని జవాబు వచ్చింది. ఆ తర్వాత అనుమానం బాతుల మీదికి పోయింది. వేటగాళ్లను రప్పించారు. వేట మొదలవడానికి ఇంకా గడువుంది, కాల్చడం నేరం. అందుకని వాళ్లు బాతులకేసి కోపంగా చూసి వెళ్లిపోయారు.

చివరికి ఫెర్గస్ తానే నడుం బిగించాడు. తెల్లవారకముందే పికప్ బండిలో అవతలి ఒడ్డుకు వెళ్లి, ఒక్కడే కాపలా కాసేవాడు. ఎవరినైనా తోడు తీసుకెళ్లమంటే, ఇద్దరు మనుషులు నడిస్తే ఆ అదురుకు నీళ్లు కదులుతాయన్నాడు. ఎంత నిష్ఠ! అంత కాపలాలోనూ వలయాలు ఆగలేదంటే, దోషి ఎంత గడుసువాడో ఊహించుకోండి.

ఆ ఉదయం కూడా కాపలా ముగించుకునే ఫెర్గస్ ఏవిస్ గుమ్మం ముందుకు వచ్చాడు.

"ఏవిస్, మళ్లీ కదిలింది."

"చూశాను. నేను టీ కలుపుకుంటున్నా అప్పుడు."

"నువ్వు చేశావని నేనన్నానా?"

"నువ్వనలేదు. ఆ వేదిక మీద వాళ్లంతా అంటున్నారు. వాళ్లను నువ్వు కాదనలేదు."

ఫెర్గస్ జేబులోంచి ఒక కాగితం తీశాడు. సంఘం తరఫున మాట్లాడాల్సి వస్తే అతను ఎంతటి చిన్ననాటి పరిచయాన్నయినా 'నువ్వు' నుంచి 'మీరు'కి మన్నించేస్తాడు.

"సాయంత్రం హాల్లో మీటింగ్ ఉంది. మీ జెట్టీ తొలగించి, ఈ సరస్సులో పడవలన్నవి ఏ కాలంలోనూ లేకుండా చెయ్యాలని తీర్మానం. మీరేమైనా చెప్పుకోవాలంటే వచ్చి చెప్పుకోవచ్చు."

ఏవిస్ కప్పు కింద పెట్టింది. శాశ్వతంగా గేట్లు. శాశ్వతంగా గొర్రెలు. శాశ్వతంగా నిద్రపోతున్న నెట్టీ.

"మీ అమ్మ ఏమంటోంది?"

"అమ్మకి ఈ రూల్స్ అవీ ఎందుకులే అని చెప్పలేదు. నీకు తెడ్లు వెయ్యడం కష్టంగా ఉంటోందని చెప్పా."

"నాకు కష్టంగా ఉందని చెప్పావా."

"వయసు మీద పడుతోంది కదా. నమ్మింది."

అతను బండెక్కి వెళ్లిపోయాడు. నేరం మోపారంటే భరించవచ్చు. ముసలిదైపోయిందని, అదీ నెట్టీతో చెప్పాడే, దానికి మాత్రం ఊరుకునేది లేదు. ఏవిస్ కారు తాళాలు తీసుకుంది.

హేమి బంకు దగ్గర ఊరి వార్తలు పెట్రోలు కంటే ముందు దొరుకుతాయి. ఆమెను చూడగానే హేమి కౌంటరు వెనక నుంచి కుర్చీ తెచ్చి వేశాడు.

"ఆంటీ, పొద్దుటినుంచి నీ పేరే. నువ్వు పడవ కింద దాక్కుని రాళ్లేస్తున్నావంట. ఈ వయసులో అంత వంగగలదా అని నేనే నీ తరఫున వాదించా."

"నువ్వు నా తరఫున వాదించకు బాబూ. ఈ వారం నాకు అలాంటి సాయం చాలా దొరికింది."

బంకులో ఓ మూల డెస్మండ్ పైక్ మాంసం కూరి కాల్చిన 'పై' అనే రొట్టె తింటున్నాడు, చితికిన ముఖంతో. అసలైతే అతను వారం మొదట్లోనే ఆక్లండ్ వెళ్లిపోవాలి. ఒక్క ఫోటో. ఒకే ఒక్క నిశ్చలమైన ఫోటో కోసం ప్రతిరోజూ ఇంకొక్కరోజని ఆగిపోతున్నాడు. అతనొక్కడేనా? వేదిక మీది వాళ్లంతా అంతే. ఫెర్గస్ మోటెల్‌లో ఖాళీ లేదు. వేడి వేడి 'పై'ల కోసం బేకరీలో వరుస తరగడం లేదు. పది మైళ్ల దూరంలో గొర్రెల షెడ్డులో కూడా ఇద్దరు ఇటాలియన్లు ఉంటున్నారని వినికిడి.

ఏవిస్ అతని ఎదురుగా కూర్చుని, నేరం తనదేనని అతను నమ్ముతున్నాడని తెలిసినా, ఇవాళ్టి ఫోటోలు చూపించమంది. అతను కెమెరా ఇటు తిప్పాడు. ముక్కలైన చెట్లు. ఇంకా ముక్కలైన చెట్లు. సొన.

"దీనికి ముందువి?"

"ముందువి పనికిరావండి. వెలుగు పూర్తిగా పడలేదు. నేనే చూడలేదు వాటిని."

ఎంత మంచి మాట! వందలకొద్దీ ఫోటోలు తీసినవాడు వాటిని చూడక్కర్లేదు. చూడటం అనే చాకిరీ నుంచి మనిషిని విడిపించడానికే గదా కెమెరా పుట్టింది!

ఏవిస్‌కి మాత్రం ఆ సౌకర్యం తెలియదు. ఆమె బటన్ నొక్కుతూ వెనక్కి వెళ్లి, నీళ్లు కదలడానికి ముందరి చివరి ఫోటో దగ్గర ఆగింది. అందులో సరస్సు గాజులా ఉంది. పైన జెట్టీ, కింద నీళ్లలో జెట్టీ. ఆమె కళ్లద్దాలు సర్దుకుంది.

తెడ్లు వేసేవాళ్లు వెనక్కి చూస్తూ ముందుకు వెళతారు. అంటే ఏవిస్ ఇన్నేళ్లుగా, రోజూ పొద్దున్నే, నీళ్ల మట్టం నుంచి తన జెట్టీ అడుగునే చూస్తూ వెళ్లింది. అక్కడ నాచు ఎంత, మేకులెన్ని, ఏ దూలానికి పగులుందో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. మనిషి కాళ్లు మాత్రం ఎప్పుడూ లేవు.

ఈ ఫోటోలో ఉన్నాయి. నీళ్లలో మాత్రమే.

"హేమీ, ఇలా రా. పైన ఏం కనిపిస్తోంది?"

"జెట్టీ. దాని పక్కకి కొట్టిన వెడల్పు పలక."

"కింద?"

హేమి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదేంటి ఆంటీ. పైన లేని మనిషి కింద ఎలా ఉన్నాడు?"

ఏవిస్ చెప్పింది. వేదిక ఎత్తు మీద ఉంది, అక్కణ్ణుంచి చూసేవాళ్లకు పలకలు అడ్డం. నీళ్లు కింద ఉన్నాయి, వాటికి జెట్టీ అడుగు కనిపిస్తుంది. పలక వెనక దూలం మీద ఎవరో కూర్చున్నారు. మోకాళ్ల దాకా కాళ్లు, వాటికి రబ్బరు బూట్లు, ఒక చెయ్యి, చేతిలో రాయి. ముఖం లేదు. బూట్లు చూసి లాభం లేదు, ఊరు ఊరంతా వేసుకునేది అవే. బూటు అంచున ఏదో రంగు మరక మాత్రం ఉంది. ఆ చిన్న తెర మీద అంతకుమించి తెలియలేదు.

తన కాళ్లు పొట్టివి. ఇవి పొడుగు కాళ్లు. ఆమెకు అది చాలు. డెస్మండ్ 'పై' తినడం ఎప్పుడో ఆపేశాడు. ఆ ఫోటో సాయంత్రం హాల్లో గోడ మీద పెద్దదిగా వెయ్యాలని ఏవిస్ అడిగితే, అతను కెమెరానే ఇచ్చేశాడు.

"ఒక్కటి గుర్తుపెట్టుకో హేమీ" అంది ఏవిస్ లేస్తూ. "తలకిందులుగా వెయ్యి."

సాయంత్రానికి హాలు నిండింది. ఆర్డ్‌బెన్‌లో మీటింగ్ అంటే ఎవరింటి నుంచి వాళ్లు ఒక ప్లేటు తినుబండారాలు తేవాలి. బల్లల మీద చీజ్ రోల్స్ గుట్టలుగా పేరుకున్నాయి. ముందు వరుసలో నెట్టీ గార్వీ, ఒళ్లో ఊలు ఉండ, చేతుల్లో సూదులు. చెవి మందగించింది కాబట్టి ఏ మీటింగ్‌లోనైనా ఆమెది ముందు వరుసే. వెనక వరుసల్లో ఫోటోలవాళ్లు.

హాలు వేదిక మీద, బల్ల వెనక నుంచి ఫెర్గస్ మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. నిశ్చలత మన సంపద అన్నాడు. ఈ ఊరు ప్రపంచానికి ఇవ్వగలిగింది కదలకుండా ఉండటమేనన్నాడు. దూరాల నుంచి వచ్చిన అతిథులు రోజురోజుకూ నిరాశతో గదులకు తిరిగి వెళుతుంటే తన గుండె తరుక్కుపోతోందన్నాడు. ఆ గదులు ఎవరివో అందరికీ తెలుసు గనక ఆ వివరం చెప్పలేదు.

"ఇది ఎవరు చేసినా సరే, నా సొంత మనిషైనా సరే, పేరు బయటపడాల్సిందే" అని ముగించి, ఏవిస్ వైపు చూశాడు. "మీరేమైనా చెప్పుకుంటారా?"

ఏవిస్ లేచింది. అతని వైపు చూడలేదు. ముందు వరుస వైపు తిరిగింది.

"నెట్టీ, నాకు తెడ్లు వెయ్యడం కష్టంగా లేదు."

నెట్టీ సూదులు ఆగాయి. "మరి రావట్లేదేం? రోజూ రెండు కప్పులు పెడుతున్నా. ఒకటి చల్లారిపోతోంది."

"రానివ్వట్లేదు."

హాల్లో ఎవరూ కదల్లేదు. నిజంగా చెప్పాలంటే ఆ క్షణంలో ఆర్డ్‌బెన్ ఎంత నిశ్చలంగా ఉందంటే, దాన్ని ఫోటో తీసి క్యాలెండర్ అట్ట మీద వేసుకోవచ్చు!

ఏవిస్ తల ఊపింది. హేమి దీపాలు ఆర్పి ప్రొజెక్టరు వేశాడు. గోడ మీద రంగుల చెట్లు, నీళ్లు. వెనక వరుసల నుంచి హాయిగా ఒక నిట్టూర్పు. హేమి బొమ్మను తిప్పాడు. సగం మందికి తేడా తెలియలేదు. మిగతా సగం మందికి, అప్పటిదాకా నీళ్ల అడుగున ఉన్న జెట్టీ ఇప్పుడు పైకి వచ్చి, కడుపు చూపిస్తూ నిలబడింది. హేమి ఆ మూలను పెద్దది చేశాడు.

దూలం. దాని మీద నుంచి వేలాడుతున్న పొడుగు కాళ్లు. ఎర్ర పట్టీ రబ్బరు బూట్లు. గుప్పిట్లో రాయి. బూటు అంచు పైన మడిచిన ఉన్ని మేజోడు: ఆవపిండి రంగు, దాని మీద ఊదా పట్టీ, ఆ పట్టీ మధ్యలో ఎందుకో ఇంత ఆకుపచ్చ.

ముందుగా డెస్మండ్ పైక్ గొంతు వినిపించింది. "ఎవరతను? ఎవరండీ?"

బేకరీ యజమాని తన టీలోకి తొంగి చూసుకున్నాడు. మాంసం కొట్టువాడు బూట్ల తాడు ముడివేసుకోవడం మొదలుపెట్టాడు, అతనివి తాళ్లు లేని బూట్లు. సంగతి ఒక్కొక్కరికీ తెల్లమవుతోంది. వినేవాళ్లకు ఈపాటికే తెల్లమై ఉంటుంది. సరస్సు నిశ్చలంగా ఉంటే ఏమవుతుంది? మొదటి ఉదయమే ఫోటో వచ్చేస్తుంది. ఫోటో వచ్చేస్తే మనిషి వెళ్లిపోతాడు. మరి కదిలిన నీళ్లో? ఇంకొక్క రాత్రి ఆగుతాడు. ఇంకొక్క 'పై' తింటాడు. ఇంకొక్క ట్యాంకు పెట్రోలు పోయించుకుంటాడు. ఇంతటి మేలును ఒక్క పూటలో ముగించడం న్యాయమా? రోజుకు ఒక్క రాయి, అదీ చిన్నది!

ఆ రాయి ఖరీదు ఒక ముసలామె చల్లారిన టీ అని ఎవరికీ తోచకపోవడంలో వింతేముంది? అది ఏ ఫోటోలోనూ పడలేదు.

"చిత్రం స్పష్టంగా లేదు" అన్నాడు ఫెర్గస్. "అవి ఎవరి కాళ్లయినా కావచ్చు." తీర్మానం కాగితాన్ని మడుస్తున్నాడు. మడిచిందాన్ని మళ్లీ మడుస్తున్నాడు. బల్ల కింద అతని పాదాలు ఒకదాని వెనక ఒకటి దాక్కోవడానికి తంటాలు పడుతున్నాయి.

"కాస్త పెద్దది చెయ్యి హేమీ" అంది నెట్టీ.

హేమి ఏవిస్ వైపు చూశాడు. ఏవిస్ నెట్టీ వైపు చూసింది. ఆవపిండి రంగు మేజోడు గోడంతా పరుచుకుంది.

నెట్టీ మెడలో వేలాడుతున్న కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. ఆమె ముఖంలోకి నెమ్మదిగా ఒక సంతోషం వచ్చింది. పోయిందనుకున్న వస్తువు దొరికినప్పుడు వచ్చే సంతోషం.

"ఊదా ఊలు సగంలో అయిపోతే ఆకుపచ్చ కలిపా. పోయిన శీతాకాలం. బాగా లేదేమో, వేసుకోడేమో అనుకున్నా. వేసుకున్నాడే."

చెవి మందగించినవాళ్లు తమ గొంతు ఎంత పెద్దదో తెలుసుకోలేరు. వెనక వరుసలో ఇటాలియన్లకు కూడా వినిపించింది.

ఆమె ఏవిస్ వైపు వంగింది. "నువ్వు రేపు పొద్దున్నే వచ్చెయ్యి. పడవలోనే. కెటిల్ పెట్టి ఉంచుతా."

తర్వాత కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, వేదిక మీదికి చూసింది. ఆ చూపులో కోపం లేదు. చలిలో కోటు లేకుండా బయటికి పోయిన పిల్లవాణ్ణి చూసే చూపు అది.

"పొద్దున్నే అంత దూరం పోయి, ఆ తడి దూలం మీద కూర్చోవడమేంటి? చెరువులో రాళ్లెయ్యాలనుంటే, చిన్నప్పట్లా మన వంటింటి గుమ్మంలో నిలబడి వేసుకోవచ్చు కదరా, ఫెర్గస్."